అత్తయ్య ఎక్కని నిచ్చెన లేదు

ఈమధ్య వర్తకుల సంఘం వాళ్ళు ఇద్దరు మా కొట్టుకి వచ్చారు. మూడు తరాలుగా నడుస్తున్న వ్యాపారం కదా, కొత్తగా కొట్లు పెట్టుకునే కుర్రాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పమని మా అత్తయ్యని అడిగారు. వాళ్ళు ఆ మాట పూర్తి చేసేలోపు ఆవిడ బల్ల తుడిచింది, గోడకి ఆనించిన నిచ్చెనల్ని అటువి ఇటూ ఇటువి అటూ మార్చింది, వీధిలోకి తొంగిచూసి వచ్చింది. "నిచ్చెనలు కావాలంటే చెప్పండి. మంచి మాటలు మా దగ్గర స్టాకు లేవు" అని పెరట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఆవిడ ఎలాగూ చెప్పదు, అందుకని నేను చెబుతున్నాను.

మాది నిచ్చెనల కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక పెరట్లో రేకుల కింద పని, మేడ మీద కాపురం. పొద్దున్నే రంపం చప్పుడుకి లేస్తాం. తల దువ్వుకుంటే పొట్టు రాలుతుంది. రంగులేసేవాళ్ళు, కరెంటు పనివాళ్ళు, తోటల వాళ్ళు, పుస్తకాల కొట్ల వాళ్ళు, ఎత్తులో పని పడ్డ ప్రతివాడూ మా గడప తొక్కినవాడే. అల్యూమినియం నిచ్చెనలొచ్చి సగంమందిని తన్నుకుపోయాయి. మిగతా సగం ఇంకా మా దగ్గరే ఉన్నారంటే దానికి కారణం మా ఇంటి ఆనవాయితీ.

మా కొట్లో తయారైన ఏ నిచ్చెనైనా సరే, అమ్మేముందు ఇంటివాళ్ళలో ఒకరు చివరిమెట్టు దాకా ఎక్కి దిగాలి. పనివాళ్ళు ఎక్కితే చెల్లదు. "మన ఒంటిని అప్పజెప్పలేని నిచ్చెన మీదికి పరాయివాడి ఒంటిని ఎక్కించకూడదు" అనేవాడు మా తాత. ఎక్కి దిగాక కిందిమెట్టు పక్కన వేలితో ఎర్రరంగు చుక్క పెట్టేవాడు. జనం నిచ్చెన పొడుగు చూసేవాళ్ళు కాదు, నునుపు చూసేవాళ్ళు కాదు. వంగి చుక్క ఉందో లేదో చూసుకుని, భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

తాత భారీ మనిషి. కొట్టు తలుపులోంచి పక్కకి తిరిగి దూరేవాడట. ఆయన ఎక్కుతుంటే నిచ్చెన మూలిగేదట. అప్పుడప్పుడు ఏదో ఒకటి కిర్రుమనేది. కిర్రుమంటే అక్కడే ఆగి, చెవి ఒగ్గి విని, మెల్లగా దిగి, బాడిస తీసుకుని దాన్ని ముక్కలు చేసేవాడు. ఆ ముక్కలు మా నీళ్ళు కాచే పొయ్యిలోకి వచ్చేవి. మేస్త్రి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగేవాడు.

తాతకి మోకాళ్ళు పట్టేశాక, కొట్టు ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఒక్కగానొక్క కొడుకు మా నాన్న. ఒళ్ళు అచ్చం తాతదే, గుండె మాత్రం కాదు. స్టూలెక్కి బల్బు మార్చమంటే చెమటలు పట్టే మనిషి. పెరట్లో పనివాళ్ళంతా చూస్తుండగా తాత ఆయన్ని ఎక్కమన్నాడు. నాన్న మూడో మెట్టు దగ్గర నిచ్చెనని వాటేసుకుని కళ్ళు మూసేసుకున్నాడు. పైకి పోడు, కిందికి రాడు. ఇద్దరు పట్టుకుని దింపాల్సొచ్చింది. అప్పుడు అత్తయ్య, నాన్నకి పెద్దక్క, ఎవరూ అడక్కుండానే ఉడతలా చివరిదాకా ఎక్కేసి, పైనుంచి, "ఒరేయ్ బస్తా, నువ్వు నేలమీదే భద్రంరా" అంది. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి తాళంచెవుల గుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు.

అప్పటికి నేను పుట్టలేదు. అయినా ఆ నవ్వు వింటూనే పెరిగాను, ఎందుకంటే బస్తా అన్న పేరు నాన్నకి అతుక్కుపోయింది. నాన్న బల్ల వెనక కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. అత్తయ్య ఆయన చుట్టూ బొంగరంలా తిరుగుతూ ప్రతి కొత్త మనిషికీ ఆ మూడో మెట్టు కథ చెప్పేది. నాన్న కూడా నవ్వేవాడు. ఆయన నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది.

అత్తయ్య గాలేస్తే ఎగిరిపోయే మనిషి. ఒక చోట కాలు నిలవదు. కంచం చేత్తో పట్టుకుని కొట్టుకీ పెరటికీ మధ్య నడుస్తూ తింటుంది, నీళ్ళు కూడా నడుస్తూనే తాగుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "అంతసేపు కూర్చోవాలంటగా" అంటుంది. ఆవిడ నిచ్చెన ఎక్కడం చూసి తీరాలి. కాలు పెట్టిందో లేదో తెలీదు, అప్పటికే పైన ఉంటుంది. దిగిందో లేదో తెలీదు, అప్పటికే చుక్క పెట్టేసి ఇంకో నిచ్చెన మీద ఉంటుంది. ఊళ్ళో మా అత్తయ్య ఎక్కని నిచ్చెన లేదని చెప్పుకునేవాళ్ళు.

ఆవిడకి ఒక గొప్ప ఉండేది. "నాన్న రోజుల్లో నెలకోటైనా పొయ్యిలోకి పోయేది. నా హయాంలో ఒక్కటి కిర్రుమన్న పాపాన పోలేదు" అనేది. మేస్త్రికి ఆ మాట చెవుల్లో తేనె పోసినట్టుండేది. మా అమ్మ మాత్రం, "ఏం లాభం వదినా, మామగారుండగా పొయ్యికి కొదవ ఉండేది కాదు, ఇప్పుడు పుల్ల పుల్లా కొనుక్కోవాల్సొస్తోంది" అని సణిగేది. మేమంతా అదో వేళాకోళమనుకుని నవ్వేవాళ్ళం. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, అందులో తిరకాసేమిటని ఒక్కరికీ తోచలేదు.

తోచేలా చేసింది రంగులాయన. తాత కాలం నుంచీ మా దగ్గరే నిచ్చెనలు కొనే పెయింటరాయన. మనిషి నిండుగా ఉంటాడు, మాట ఇంకా నిండుగా ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన కూతురు ఒక విరిగిన మెట్టు పట్టుకుని కొట్లోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, "నాన్న పడిపోయాడండీ. తొడ ఎముక విరిగింది. చుక్క చూసే కొన్నాం" అంది. అరవలేదు, తిట్టలేదు. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అత్తయ్య ఆ ముక్కని తీసుకుని తిప్పి తిప్పి చూసింది. నిలువుకర్ర బెజ్జంలో దూరే కొస దగ్గర కర్రలో కుళ్ళిన ముడి ఉంది. పైకి కనపడేది కాదు.

"దీన్ని నేనెక్కాను. నేనే ఎక్కాను" అంటోంది అత్తయ్య, ఎవరితోనో తెలీదు.

ఆ పిల్ల వెళ్ళాక ఇల్లు రేగిన తేనెపట్టయింది. నాన్న మేస్త్రిని కేకలేశాడు. ముడి లోపలుంటే నాకేం తెలుస్తుంది, ఎక్కింది అమ్మగారేగా అన్నాడు మేస్త్రి. నాన్న చల్లబడి, "తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ఎన్నాళ్ళు నెట్టుకొస్తాంలే. చుక్కా వద్దు, ఎక్కడాలూ వద్దు. నచ్చినవాడు కొంటాడు, లేనివాడు లేదు" అన్నాడు. అత్తయ్య వినిపించుకోలేదు. చెప్పులేసుకుని, "నువ్వు రావే" అని నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆ వారమంతా ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఊరంతా తిరిగింది, నన్ను తిప్పింది. అదే దఫా కర్రతో చేసిన నిచ్చెనలు ఎవరెవరు కొన్నారో ఆవిడకి నోటికి వచ్చు. పుస్తకాల కొట్లో పై అరల దాకా, నాటకాల హాల్లో దీపాల దాకా, ఎవరి తోటలోనో చెట్టు కొమ్మల దాకా, ఎక్కి, ఊగి, తన్ని, దిగి, మళ్ళీ ఎక్కి చూసింది. పుస్తకాల కొట్టాయన, "ఏమైందమ్మా?" అని అడిగితే, "ఏం కాలేదు, ఊరికే" అని అప్పటికే గుమ్మం దాటేసింది. నా కాళ్ళు పీకేశాయి. నిలబడి ఊపిరి పీల్చుకుంటే, "అప్పుడే అలిసిపోయావా?" అని ఈసడింపు. ఒక్కటంటే ఒక్కటి కిర్రుమనలేదు. చివరిది కూడా దిగాక అత్తయ్య మొహంలో కాస్త రక్తం కనపడింది. "ఆ ఒక్కటే తేడా. మిగతావన్నీ గట్టివే. పద, ఆయనకి చెప్పి వద్దాం" అంది.

రంగులాయన మంచం మీద ఉన్నాడు, కాలంతా తెల్లటి కట్టు. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా పోలేదు. అత్తయ్య మంచం చుట్టూ తిరుగుతూనే చెప్పింది, ఊళ్ళో ఉన్నవన్నీ స్వయంగా ఎక్కి చూశానని, భయం లేదని.

ఆయన నవ్వాడు. పాపం, ఎగతాళికి కాదు. ఆవిడ్ని తేలికపరచడానికే.

"మీరెక్కితే నిచ్చెనకేం తెలుస్తుంది తల్లీ, చీమ పాకిందనుకుంటుంది. మీ నాన్నగారెక్కుతుంటే చూడాలి. కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. ఆయన్ని మోసింది నన్ను మోస్తుందిలే అని ధీమాగా పట్టుకుపోయేవాణ్ణి."

అత్తయ్య వస్తామని కూడా చెప్పకుండా బయటికి వచ్చేసింది. నేనే ఆయనకి చెప్పి పరిగెత్తాను. వీధి మధ్యలో ఆగిపోయి ఉంది. నడుస్తూ నీళ్ళు తాగే మనిషి, ఆగిపోయి ఉంది. వెనక బండివాడు హారన్ కొడుతున్నా కదల్లేదు. నేను పక్కకి లాగాను.

"నేనెక్కడం, పిల్లి ఎక్కడం ఒకటేనే" అంది. "ఇన్నేళ్ళూ నాన్న ఎక్కినట్టే ఎక్కాను. నాన్న బరువు లేకుండా ఎక్కాను. కిర్రుమనలేదని చంకలు గుద్దుకున్నాను. ఎలా కిర్రుమంటాయే? నేనున్నానని వాటికి తెలిస్తేగా!"

 మా నీళ్ళ పొయ్యి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడర్థమైంది. వారం రోజులుగా మేం భయం లేదని తేల్చి వచ్చిన నిచ్చెనలన్నీ కళ్ళముందు నిలబడ్డాయి. ఎంతమందో మనుషులు వాటిమీద ఉన్నారు.

ఇంటికి రాగానే ఆవిడ ఎర్రరంగు డబ్బా మూత బిగించి అటక మీదికి విసిరేసింది. చుక్క లేనిదే ఒక్క నిచ్చెనా గడప దాటదంది. అంటే కొట్టు మూసినట్టే. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిరిగి, ఎదురు వీధిలో అల్యూమినియం కొట్టుకి పోతున్నారు. నాన్న కూర్చుని చూస్తున్నాడు. అత్తయ్య తిరుగుతోంది. ఆవిడ తిరుగుడుకి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

నేనూ ఊరుకోలేదు. "ఇసక మూటలు వేలాడదీద్దాం" అన్నాను.

"మూట కాలు మారుస్తుందా? పక్కకి ఒంగి గోడ మీదికి చెయ్యి చాస్తుందా? విరిగేది అప్పుడే."

"పోనీ, ఎవర్నైనా లావుపాటి మనిషిని జీతానికి పెట్టుకుందాం."

"జీతానికి ఎక్కేవాడు కిర్రుమంటే ఎందుకు చెబుతాడే? పొద్దున్న చెబితే సాయంత్రానికి మేస్త్రి వాణ్ణి బతకనిస్తాడా?"

నేనెక్కుదామంటే నాదీ అత్తయ్య పోలికే. అమ్మ అంతకన్నా బక్క. ఇంట్లో బరువున్న మనిషి ఒక్కడే. ఆ సంగతి అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనట్లేదు.

మర్నాడు అత్తయ్య ఇసక మూటని చీరకొంగుతో నడుముకి కట్టుకుని నిచ్చెనెక్కింది. నాలుగు మెట్లెక్కేసరికి మూట పక్కకి జారి, దానితోపాటు ఆవిడా పక్కకి ఒరిగింది. నిచ్చెన గోడమీద గీసుకుంటూ జారింది. నాన్న అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూళ్ళేదు. కుర్చీ ఒకవైపు, ఆయనొకవైపు. వచ్చి రెండు చేతులతో నిచ్చెనని గోడకేసి అదిమి పట్టాడు.

"దిగక్కా. నీకేం పోయేకాలం? దిగు ముందు!"

దిగింది. మూట విప్పింది. చీరకొంగు చిరిగింది, దాన్నే చూస్తూ నిలబడింది. పెరట్లో రంపాలు ఆగిపోయాయి. అదే పెరడు, ఆ మేస్త్రే. తాత కూర్చునే చోటే ఖాళీ.

"తమ్ముడూ" అంది అత్తయ్య.

ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాన్న కూడా విని చాలా ఏళ్ళయి ఉంటుంది, ఎవర్నో పిలిచిందనుకుని వెనక్కి చూశాడు.

"నువ్వెక్కాలిరా. నావల్ల కాదు. అప్పుడూ నావల్ల కాలేదు, కానీ తెలీలేదు. అందరి ముందూ నిన్ను నవ్వులపాలు చేశాను. ఇప్పుడు అందరి ముందే అడుగుతున్నాను."

నాన్న నుదుటి మీద అప్పుడే చెమట. "నాకు భయమక్కా. ఇప్పటికీ భయమే. బతిమాలినా పోదది."

"నేను కింద పట్టుకుంటా."

"నువ్వా? కుదురుగా ఒక్క నిమిషం నిలబడ్డ మొహమేనా నీది? ఎవరో గుమ్మంలోకి వస్తారు, నువ్వు అటు పరిగెత్తుతావు, నేను పైన చస్తాను."

మేస్త్రి కిసుక్కుమన్నాడు. నేను వాడివైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

"కదలను" అంది అత్తయ్య. "నువ్వు దిగేదాకా కదలను."

నాన్న చెప్పులు విడిచాడు. అమ్మకుండా మిగిలిన నిచ్చెన ఒకటి గోడకుంది. మేం రంగులాయన ఇంటికి వెళ్ళినరోజు పొద్దున్నే అత్తయ్య ఎక్కి దిగి చుక్క పెట్టిన నిచ్చెన అది. ఆవిడ రెండు నిలువుకర్రలూ పట్టుకుని ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వేసి నిలబడింది. నాన్న ఒక మెట్టెక్కి ఆగాడు.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను."

ఇంకో మెట్టు. "ఉన్నావా?"

"ఉన్నానురా."

మూడో మెట్టు దగ్గర నాన్న కళ్ళు మూసుకున్నాడు. నిచ్చెనని వాటేసుకున్నాడు. అయిపోయిందనుకున్నాను.  ముందు గదిలో ఎవరో "ఎవరండీ లోపల?" అని పిలుస్తున్నారు. ఫోను మోగి ఆగి మళ్ళీ మోగింది. ఈగ ఒకటి అత్తయ్య ముక్కు మీద వాలింది. ఆవిడ కనీసం ఊదలేదు. తల పైకెత్తి తమ్ముడి మడమల్నే చూస్తోంది. ఆ చూపులో ఉన్నది భయమని పోల్చుకోడానికి నాకు కొంచెం టైము పట్టింది. ఆ మొహం మీద అదెప్పుడూ చూళ్ళేదు మరి. నిచ్చెన మీద ఉన్నన్నాళ్ళూ భయపడని మనిషి, కింద నిలబడ్డాక వణుకుతోంది.

నాన్న కళ్ళు తెరవకుండానే నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు. బరువంతా దానిమీదికి మార్చాడు.

కిర్రుమంది.

చిన్న చప్పుడే. కానీ మేస్త్రి చేతిలో ఉలి కింద పడిపోయింది. అమ్మ మేడ మెట్ల మీద నిలబడిపోయింది. అందరికన్నా ముందు తేరుకున్నది అత్తయ్యే.

"ఉన్నాను" అంది, ఈసారి అడక్కుండానే. "మెల్లగా దిగు నాయనా. కాలు కిందికి. ఇంకొంచెం. ఆఁ, నేలే అది."

నాన్న నేలమీద చతికిలబడి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీనట్టున్నాడు. అత్తయ్య బాడిస తెచ్చి, తను చుక్కపెట్టిన నిచ్చెనని తనే ముక్కలు చేసింది. ఎర్ర చుక్క ఉన్న ముక్కని మాత్రం కాసేపు చేతిలో ఉంచుకుని, దాన్ని కూడా అమ్మకిచ్చింది. ఆ సాయంత్రం నీళ్ళు మా పొయ్యి మీద ఆ కర్రతోనే కాగాయి.

ఆ తరవాత అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి మళ్ళీ ఊరంతా తిరిగారు. పుస్తకాల కొట్టు, నాటకాల హాలు, తోటలు. వెనక్కి వచ్చిన నిచ్చెనలకి బదులు కొత్తవి ఇవ్వడానికి పెరట్లో మేస్త్రికి ఊపిరాడలేదు. మూతి కూడా ముడుచుకోలేదు పాపం, ప్రతి బెజ్జం దగ్గరా కర్ర చీల్చి చూడటం నేర్చుకున్నాడు. రంగులాయన కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక మొదట వచ్చింది మా పెరట్లోకే. ఒక కుర్చీ వేయించుకుని కూర్చుని విన్నాడు.

నాన్నకి భయం పోయిందా అని అందరూ అడుగుతారు. పోలేదు. ఇప్పటికీ ఎక్కే ముందు చెమటలే, ఎక్కుతూ అక్కని తిట్లే. అత్తయ్యకి కుదురు వచ్చిందా అంటే అదీ లేదు. నిచ్చెన దగ్గర తప్ప ఎక్కడా నిలవదు. ఇద్దరికీ వయసు మీదపడింది. వీళ్ళ తరవాత ఎవరు ఎక్కాలి, ఎవరు పట్టుకోవాలి అన్నది మా ఇంట్లో తేలని లెక్క. మంచి మాటలడగడానికి వచ్చిన సంఘం వాళ్ళకి నేను చెప్పగలిగితే చెప్పేది ఆ దిగులే.

మొన్న వాళ్ళు ఇంకా కొట్లో కూర్చుని ఉండగానే పెరట్లోంచి మా మామూలు సంభాషణ వినపడింది. నాన్న కొత్త నిచ్చెన ఎక్కుతున్నాడు.

"అక్కా, ఉన్నావా?"

జవాబు రాలేదు.

వార్నిష్ కుంచె నా చేతిలోనే ఆగిపోయింది. పెరట్లో రంపాలు ఆగిపోయాయి. నాన్న ఎన్నో మెట్టు మీదున్నాడో నాకు కనపడట్లేదు. ఆయన కూడా కదల్లేదని మాత్రం తెలుస్తోంది. 

పొడి దగ్గు ఒకటి వినపడింది, గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఉన్నానురా, ఎక్కు."